ఊరికే ఏటికి పోయిరండి

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఎవరైనా "ఒక్కరోజు సముద్రం చూసి రావాలని ఉంది" అంటే, పక్కనున్నవాళ్ళు ముందు లెక్క చెబుతారు. తూర్పున బాపట్ల వైపు పోయినా, పడమర గోవా వైపు పోయినా మ్యాపు మీద గీత గీసి చూస్తేనే మూడొందల కిలోమీటర్లు దాటుతుంది. దారి మలుపులు కలిపితే ఇంకా ఎక్కువ. రెండు సముద్రాలకూ దాదాపు నట్టనడుమ ఉన్నాం మనం. పోవడానికి ఒక రాత్రి, రావడానికి ఒక రాత్రి, బండికి ఇంత, రూముకు ఇంత అని లెక్క తేలేసరికి కోరిక చప్పబడిపోతుంది. దసరాకు చూద్దాంలే అనుకుంటాం. దసరా వస్తుంది, పోతుంది.

సముద్రమనే పేరు కాసేపు పక్కన పెట్టి, ఆ కోరికలో అసలేముందో చూడండి. మనిషి జాడ లేని ఇసుక. పారే నీళ్ళు. తలెత్తితే అడ్డం లేని ఆకాశం. మన పేరు పెట్టి పిలిచి పని చెప్పేవాళ్ళు లేని నాలుగైదు గంటలు. ఇవన్నీ ఎమ్మిగనూరుకు పాతిక, ఆదోనికి యాభై కిలోమీటర్ల లోపే దొరుకుతాయి, తుంగభద్ర ఒడ్డున. ఈ అధ్యాయం ఆ ఒడ్డుకు ఎట్లా పోవాలో, పోయి ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పడానికి.

తుంగభద్ర అనగానే మీకు మంత్రాలయం గుర్తుకొస్తుంది. రావాల్సిందే. 1671లో రాఘవేంద్రస్వామి మంచాలలో, అంటే ఇప్పటి మంత్రాలయంలో, బృందావన ప్రవేశం చేసినప్పటి నుంచి ఈ ప్రాంతపు జనానికి ఏరంటే అక్కడి ఘాటు మెట్లే. అయితే ఒక్కసారి ఆలోచించండి. మనం ఏటికి ఎప్పుడు పోయినా ఏదో ఒక పని మీదే పోతాం. దర్శనానికి ముందు మునక వేయడానికి పోతాం. మొక్కు తీర్చుకోవడానికి పోతాం. అస్థికలు కలపడానికి పోతాం. పుష్కరాలకు పోతాం, 2020లో కరోనా కట్టుబాట్ల నడుమ కూడా పోయాం. పని కాగానే తడిబట్టలు పిండుకుని బస్సెక్కుతాం. ఊరికే కూర్చుని ఏటిని చూడ్డానికి పోయినవాళ్ళు మన చుట్టుపక్కల ఎంతమంది? ఇక్కడే పుట్టి, అరవై ఏళ్ళొచ్చినా ఘాటు మెట్లు తప్ప ఏటి ఒడ్డు చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఏదో లోటు జరిగిందనే నేను గట్టిగా నమ్ముతాను.

ఎందుకంటే మన పనులు అట్లాంటివి. 1938లో మాచాని సోమప్ప నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. గుంతమగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి చూపు పొద్దస్తమానం పడుగు మీదే ఉండాలి. ఒక్క పోగు తెగినా వెంటనే కంటబడాలి. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి టెండర్ల వేళ కమీషన్ ఏజెంటు చెవి ఒక ధర మీద, కన్ను ఇంకో రాశి మీద ఉంటుంది. గుమాస్తా, టీచరమ్మ, మెడికల్ షాపు కుర్రాడు, అందరిదీ అంతే. బలవంతంగా చూపు నిలిపే పని. ఇట్లా నిలిపే శక్తి ఒంటి కండ లాగే అలసిపోతుందని మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రేచెల్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు 1989లో వచ్చిన తమ పుస్తకంలో వివరించారు. అలసినప్పుడు చిరాకు పెరుగుతుంది, చిన్న లెక్క తప్పుతుంది, పిల్లల మీద కేకలేస్తాం. నిద్ర ఒక్కటే దానికి చాలదని, మనం ప్రయత్నించకుండానే చూపును మెల్లగా లాక్కునే చోట్లు కావాలని వాళ్ళన్నారు. పారే నీళ్ళు, కదిలే ఆకులు, మేఘాలు ఆ కోవలోవి. ఫోన్‌లో రీళ్ళు కూడా చూపును లాక్కుంటాయి గానీ, తిరిగి ఏమీ మిగల్చవు.

2019లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 20,000 మంది వివరాలు పరిశీలించారు. వారానికి మొత్తం మీద రెండు గంటలు చెట్లూ నీళ్ళూ ఉన్నచోట గడిపేవాళ్ళలో, ఒళ్ళూ మనసూ బాగున్నాయని చెప్పేవాళ్ళు ఎక్కువగా కనబడ్డారు. ఆ రెండు గంటలు ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా లేదు. బాగున్నవాళ్ళే బయటికి ఎక్కువగా పోతారేమో అనే అనుమానం అందులో ఉండనే ఉంది, దాన్ని దాచనక్కర లేదు. అయినా మనలాంటి వాళ్ళకు అందులో పనికొచ్చే మాట ఒకటుంది. రోజూ వీలుకాని మనిషి, వారంలో వీలైన ఒక్క రోజున నిండుగా గడిపినా అది వృథా పోదు.

ఇక చోటు సంగతి. పడమటి మూలన కౌతాళం మండలంలో మేళిగనూరు వైపు ఏరు మన జిల్లాను ఆనుకుని పారుతుంది. అవతలి ఒడ్డు కర్ణాటక. దిగువకు వస్తే కోసిగి మండలం అగసనూరు దగ్గర రాజోలిబండ ఆనకట్ట. ఇంకా దిగువకు మంత్రాలయం. అది దాటాక నందవరం మండలంలో నాగలదిన్నె, అక్కడ అవతలి ఒడ్డు తెలంగాణ. ఈ ఊళ్ళ నడుమ ఏరు ఒకచోట బండరాళ్ళ మధ్య చీలిపోయి పారుతుంది, ఇంకోచోట వెడల్పుగా పరుచుకుని ఇసుక తిన్నెలు వదులుతుంది. బండి లేనివాళ్ళకు ఆదోని నుంచి రైలుంది. ఇస్వి, కుప్పగల్లు, కోసిగి దాటితే మంత్రాలయం రోడ్డు స్టేషను, ఆ వెంటనే ఏటి మీద రైలు వంతెన. 1871లో మద్రాసు రైలూ బొంబాయి రైలూ రాయచూరులో కలిసింది ఈ దారిలోనే. స్టేషన్ల నుంచి ఊళ్ళకు ఆటోలు దొరుకుతాయి. తిరుగు ఆటో ఎన్నింటికో దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి.

ఒడ్డుకు దారి ఎప్పుడూ ఎవరో ఒకరి పొలం మీదుగానే ఉంటుంది. ఏటి మోటార్ల కింద వరి వేసుకున్న రైతులు వాళ్ళు. గట్టు ఎక్కేముందు ఒక మాట అడగండి. "పెద్దయ్యా, ఏటి కాడికి ఇట్ల పోవచ్చునా?" అంటే కాదనేవాళ్ళు అరుదు. పైగా అడిగితేనే అసలు సంగతులు తెలుస్తాయి. ఎక్కడ లోతుంది, ఎక్కడ ఇసుక తోడినారు, మొసలి ఏ రాతి మీద ఎండకు పడుకుంటుంది. "ఆ మడుగు కాడికి పోవద్దు నాయనా, ఈ పక్క పలచనీళ్ళే" అని చేయి చూపిస్తారు. ఆ చేయి చూపిన వైపే పోండి. గట్ల మీద, గడ్డిలో మోటారు వైర్లు పడి ఉంటాయి. వాటిని తొక్కొద్దు, దాటేటప్పుడు చూసి దాటండి.

ఎప్పుడు పోవాలి అన్నదానికి జవాబు క్యాలెండరులో సగమే ఉంది, మిగతా సగం హోస్పేటలో ఉంది. 1953లో పూర్తయిన తుంగభద్ర డ్యాం మన ఏటిని ఎప్పుడు నింపాలో ఎప్పుడు తగ్గించాలో తేలుస్తుంది. జూలై నుంచి అక్టోబరు దాకా గేట్లెప్పుడు ఎత్తుతారో చెప్పలేం కాబట్టి ఆ నెలలు వదిలేయండి. 2009 అక్టోబరు మొదట్లో ఇదే ఏరు మంత్రాలయం మఠంలోకి వచ్చింది, హంద్రీ తోడై కర్నూలును ముంచింది, నాగలదిన్నె వంతెనను ఈడ్చుకుపోయింది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఒడ్డున ఉన్న ఊళ్ళన్నీ బిక్కుబిక్కుమంటూ గడిపాయి. మార్చి దాటితే ఎండ నలభై డిగ్రీల వైపు పరుగెడుతుంది, ఇసుక మీద నీడ అనేది ఉండదు. కాబట్టి నవంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివరి దాకా మన రోజులు. అప్పటికి బురద దిగి నీళ్ళు తేటపడతాయి, తిన్నెలు బయటపడతాయి, పొద్దున గాలి చల్లగా ఉంటుంది.

ఆ నెలల్లో కూడా ఒక విషయం మరవొద్దు. వాన చుక్క లేకుండా ఏరు పెరుగుతుంది. రాజోలిబండ కాలువకో, కింద సుంకేసుల నుంచి పారే కేసీ కెనాలుకో వాటా నీళ్ళు కావాలంటే డ్యాం నుంచి ఏట్లోకే వదులుతారు. ఆకాశం నీలంగా ఉంటుంది, నీళ్ళు మాత్రం మెల్లగా ఎక్కుతుంటాయి. అందుకే పోయే ముందు రెండు రోజుల పేపర్లలో డ్యాం అవుట్‌ఫ్లో ఎంతో చూడండి. ఒడ్డు చేరగానే నీటి అంచున ఒక కట్టెపుల్ల గుచ్చండి. అరగంటకోసారి దాని వైపు చూడండి. పుల్ల నీళ్ళలో నిలబడి ఉంటే సామాను సర్దుకుని గట్టెక్కండి, ఎంత ఎక్కిందో చూద్దామని ఆగొద్దు. ఇదే కారణంగా ఏటి నడుమ తిప్పల మీదికి పోవద్దు. పోయేటప్పుడు పాదాలు మునిగే నీళ్ళు, వచ్చేటప్పుడు నడుము దాటొచ్చు.

నీళ్ళలో దిగడం గురించి గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఏటా ఈ ఒడ్డున ఎవరో ఒకరి బిడ్డ పోతున్నాడు. మోకాళ్ళు దాటొద్దు. ఈత వచ్చినా దాటొద్దు. యంత్రాలతో ఇసుక తోడినచోట గుంతల అంచులు నిలువుగా ఉంటాయి. ఒక అడుగు మోకాలిలోతు, తర్వాతి అడుగు తల మునిగే లోతు. పైనుంచి చూస్తే నీళ్ళు నిమ్మళంగా, ఒకే రంగులో కనబడతాయి. చేతిలో పొడవాటి కట్టె పెట్టుకుని ముందు పొడిచి చూసి అడుగు వేయండి. నీళ్ళు తాకే బండల మీద పాకుడు ఉంటుంది, చెప్పులతో ఎక్కితే జారుతారు. కదలిక లేని లోతైన మడుగు ఎంత అందంగా ఉన్నా దాని అంచున కూర్చోవద్దు, అక్కడ చేతులు కడగొద్దు, పిల్లలను వదలొద్దు. చలికాలంలో మొసళ్ళు ఎండ కాచుకోవడానికి బయటికొస్తాయి. దూరం నుంచి కనబడితే అదృష్టమే, అక్కడే ఆగి చూడండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. రాయి వేసి కదిలించే పని పిల్లలనూ చేయనివ్వొద్దు. మంత్రాలయం ఘాట్ల దగ్గరైతే చుట్టూ నలుగురు మనుషులుంటారు. ఇక్కడ అరిచినా వినేవాళ్ళుండరు. మనం వెతుక్కుంటూ వచ్చిన ఏకాంతానికి ఇదీ ఒక వైపు. దానికి తగినట్టు మెలగాలి.

ఇంత చెప్పాక భయపడి మానేయకండి. ఇవన్నీ చేసేది ఒడ్డు చేరిన మొదటి పావుగంటలో. తర్వాత రోజంతా మీదే.

ఆ రోజుకు ప్రోగ్రాం వేసుకోకండి. చాలామందికి ఇదే కష్టం. పేకముక్కలు, స్పీకరు, బిర్యానీ గిన్నెలు పట్టుకుపోతే ఇంట్లో జరిగేదే ఇసుక మీద జరుగుతుంది. ఫోను ఆఫ్ చేయమని చెప్పను, ఆపదకు కావాలి. సంచిలో అడుగున పెట్టండి. మొదటి గంట విసుగ్గా ఉంటుంది. చేయి సంచి వైపు పోతుంది, లేచి పోదామనిపిస్తుంది. ఆ విసుగును పట్టించుకోకుండా కూర్చుంటే, గంట తర్వాత చూపు దానంతటదే దేని మీదో నిలుస్తుంది. అక్కడి నుంచే అసలు రోజు మొదలవుతుంది.

దేని మీద నిలుస్తుందో కొన్ని చెబుతాను. పిడికెడు ఇసుక అరచేతిలోకి తీసుకుని ఎండలో చూడండి. తెల్ల పలుకులు, లేత గులాబీ పలుకులు, నడుమ నల్లటి చుక్కలు. ఎగువ బండలు వేల ఏళ్ళుగా అరిగి వచ్చినవి. నీళ్ళు తీసిన తిన్నె మీద వరసగా గీతలుంటాయి. వంగి దగ్గరగా చూస్తే ప్రతి గీతకూ ఒక పక్క ఏటవాలుగా, ఇంకో పక్క నిట్టగా ఉంటుంది. నిట్టగా ఉన్న వైపుకే నీళ్ళు పారాయి. పది గీతలు చూశాక, నీళ్ళు ఎండిపోయిన చోట కూడా ఏరు ఎటు తిరిగిందో, ఎక్కడ సుడి పెట్టిందో మీరే చెప్పగలుగుతారు. తడి ఇసుక మీద పిట్టల కాళ్ళ గుర్తులు, ఒకోసారి వెడల్పాటి పాదాలతో నీటికుక్క నడిచిన గుర్తులు. ఎగువన ముద్లాపూర్ నుంచి కంప్లి దాకా 34 కిలోమీటర్ల ఏటిని కర్ణాటక ప్రభుత్వం 2015లో నీటికుక్కల కోసమే కేటాయించింది. అది మన ఏరే, మన నీళ్ళే.

ఫిబ్రవరి చివర్లో పోతే ఇంకొకటి గమనించాలి. పిడికెడంత పిట్ట ఒకటి, మెడకు నల్లటి పట్టీ, కంటి చుట్టూ పసుపు గీత, ఇసుక రంగు వీపు, మీ ముందు కీచుమంటూ రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ పోతుంది. దాని వెంట పడకండి. రెక్క విరగలేదు. గుడ్లు మీ కాళ్ళ దగ్గర్లో ఎక్కడో ఉన్నాయి, మిమ్మల్ని దూరంగా తీసుకుపోవాలని దాని తాపత్రయం. గూడంటూ ఏమీ కట్టదు, ఇసుకలో చిన్న గుంత చేసి మూడో నాలుగో గుడ్లు పెడుతుంది. వాటి మీది మచ్చలు గులకరాళ్ళలో కలిసిపోతాయి, అడుగు దూరం నుంచి కూడా కనబడవు. నిలబడిన చోటే ఆగి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి. ఎండలో ఆ పిట్ట గుడ్ల మీద నుంచి ఎక్కువసేపు లేస్తే అవి ఉడికిపోతాయి. ట్రాక్టర్లూ మోటారు సైకిళ్ళూ తిన్నెల మీద తిరగకూడదని నేను పట్టుబట్టేది దీనివల్లే. బండి గట్టు మీదే ఆపండి.

తిండి గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగించొద్దు. మనవైపు ఏ ప్రయాణమైనా ఆడమనిషి మబ్బున నాలుగింటికి లేచి చిత్రాన్నం కలిపి, రొట్టెలు చేసి, డబ్బాలు సర్దడంతో మొదలై, రాత్రి ఆ డబ్బాలు తోమడంతో ముగుస్తుంది. నడుమ ఒడ్డున ఉన్న గంటలు కూడా వడ్డనలో పోతాయి. ఆమెకు అది విడుపు ఎట్లా అవుతుంది? బస్టాండు దగ్గర వేడి వేడి ఉగ్గాని బజ్జీ తినేసి బయల్దేరండి. మధ్యాహ్నానికి బుడ్డలు, బెల్లం, అరటిపండ్లు చాలు. కావాలంటే ముందురోజే జొన్నరొట్టెలు చేసి అమ్మేవాళ్ళ దగ్గర నాలుగు కట్టించుకోండి, ఊరిబిండితో ఎన్ని గంటలైనా నిలుస్తాయి. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు ఇంటి నుంచే తీసుకుపోవాలి, ఏటి నీళ్ళు తాగొద్దు. తలకు టవలు, కూర్చోవడానికి పాత దుప్పటి. తెచ్చిన కవర్లు, పొట్లాలు తిరిగి సంచిలోకే పోవాలి. బుడ్డల పొట్టు మాత్రం ఇసుకలో కలిసినా ఫర్వాలేదు.

అక్కడ చేరాక ఇంటి ఇల్లాలికి ఒక గంట విడిగా ఇవ్వండి. పిల్లలను మీరు చూసుకోండి. ఆమె ఎంత దూరంలో కూర్చుంటుందో, ఏం ఆలోచిస్తుందో అడగొద్దు. కంటికి కనబడేంత దూరంలో ఉంటే చాలు. మగ్గం ఇంట్లో కండెలు చుడుతూ, సుగ్గికి పోయినప్పుడు మిరపకాయలు కోస్తూ, పండగకు ఊరొస్తే వంటింట్లో నిలబడుతూ గడిచిన జీవితంలో తనకంటూ ఒక గంట ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళను నేను చాలా తక్కువమందిని చూశాను. కూర్చున్నవాళ్ళు మొదట్లో "పిల్లలు ఏం చేస్తున్నారో" అని వెనక్కి తిరిగి తిరిగి చూస్తారు. తర్వాత తర్వాత చూడరు. వీలుంటే ఇద్దరు ముగ్గురు అక్కచెల్లెళ్ళు కలిసి, మగవాళ్ళు లేకుండా ఒకసారి పోయిరండి. అట్లాంటప్పుడు అంతకుముందు చూసిపెట్టుకున్న చోటికి, పొలంలో మనుషులు కనబడేంత దగ్గరలో కూర్చోండి.

ఒంటరిగా పోవాలనిపించేవాళ్ళుంటారు. మనసు బరువుగా ఉన్న రోజుల్లో అది మరీ అనిపిస్తుంది. అట్లాంటి రోజున మాత్రం ఒంటరిగా నీళ్ళ దగ్గరికి పోవద్దు, నమ్మకమైన ఒక మనిషిని తోడు తీసుకుపోండి. మాట్లాడనక్కర లేదు, పక్కన ఉంటే చాలు. బరువు వారాల తరబడి దిగకపోతే ఏటి గాలి దానికి మందు కాదు, డాక్టరు దగ్గరికి పోవాలి.

రోజు ఎంచుకునేటప్పుడు గురువారాలు, పౌర్ణమి, సెలవులు వదిలేయండి. మంత్రాలయం బస్సులు, ఆటోలు అప్పుడు కిటకిటలాడతాయి. మామూలు మంగళవారమో బుధవారమో ఒక పూట జీతం పోయినా సరే అనుకోగలిగితే మేలు, లేకపోతే పండగ లేని ఆదివారం. ఏడు గంటలకల్లా ఇసుక మీద ఉండేటట్టు బయల్దేరి, మూడింటికి గట్టెక్కండి. చలికాలం పొద్దు తొందరగా వాలుతుంది, చీకట్లో పొలం గట్ల మీద నడవడం మంచిది కాదు. ఏ ఊరి ఒడ్డున ఉంటారో, ఎవరెవరు పోతున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి కాగితం మీద రాసిచ్చి కదలండి. ఏటి పక్కన చాలాచోట్ల ఫోను సిగ్నలు కర్ణాటక టవరుకు పోతుంది, ఒకోచోట అసలే ఉండదు.